బట్టమేక పిట్ట, పోఖ్రాన్ రేంజి, మన చట్టం
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "సాబ్, ఈసారి మీరు మాట్లాడాలి, తోపుల గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. ఇరవై ఎనిమిదేళ్లు ఆర్టిలరీలో ఉన్నవాడు తోపుల గురించి కాక ఇంకేం మాట్లాడతాడని వారి ఉద్దేశం. సరేనన్నాను. కానీ ఈ రోజు నేను చెప్పబోయేది ఒక పిట్ట గురించి, ఒక జింక గురించి, ఒక చట్టం గురించి. తోపులు మధ్యలో వస్తాయి లెండి, వారి మాట తీసేయను.

మాది నందికొట్కూరు దగ్గర పల్లె. ఇప్పుడు నంద్యాల జిల్లా అంటున్నారు, మా నోటికి ఇంకా కర్నూలు జిల్లానే వస్తుంది. మెట్ట పొలాలు. జొన్న, కొర్ర, ఆముదం, వేరుశనగ. వాటి మధ్య దున్నని బీళ్లు చాలా ఉండేవి. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మా నాయనతో చేనికి పోతుంటే బీట్లో ఒక పిట్ట కనిపించింది. పిట్ట అంటే పిచ్చుకలాంటిది అనుకోకండి. నా నడుము దాటి ఉంది. తెల్లని మెడ, తల మీద నల్లటి టోపీ, నడక చూస్తే మా ఊరి రెడ్డిగారు పొలం చూసుకోవడానికి వచ్చినట్టు ఉంది. మమ్మల్ని చూసి పరుగెత్తలేదు. మెల్లగా నడుచుకుంటూ పోయింది. "బట్టమేక పిట్టరా. దాని జోలికి పోగాకు" అన్నాడు నాయన. అంతే. మా పక్క అది అంత మామూలు పిట్ట అన్నమాట.

1976లో పద్దెనిమిదేళ్లకు సైన్యంలో చేరాను. శిక్షణ అయ్యాక కొన్నాళ్లకు మా యూనిట్ ఫైరింగ్ ప్రాక్టీసుకి పోఖ్రాన్ రేంజికి వెళ్లింది. అక్కడ పనిచేసినవాళ్లు ఈ సభలోనే కనీసం పదిమంది ఉంటారు, వాళ్లకు నేను వర్ణించనక్కర్లేదు. ఇసుక, సేవన్ గడ్డి, ఎండ. ఓపీలో కూర్చుని గుండ్లు పడే చోటును బైనాక్యులర్‌తో చూడటం నా పని. ఒక రోజు ఫైరింగ్ ఆగిన గంటకి, దుమ్ము సర్దుకున్నాక, గడ్డిలో రెండు ఆకారాలు కదిలాయి. మొదట ఇనుప తుక్కు ఏరుకునేవాళ్లు లోపలికి వచ్చారేమోనని కంగారుపడ్డాను. తీరా చూస్తే తెల్లని మెడ, నల్లని టోపీ, అదే నడక. మా ఊరి పిట్ట! వెయ్యి మైళ్ల దూరంలో సొంత ఊరివాడు కనిపిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. నాకు అలా అయింది. స్థానికులు దాన్ని గోడావణ్ అంటారు. 1981లో రాజస్థాన్ దాన్ని తమ రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది.

ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. దీన్ని జాతీయ పక్షిగా చేయమని సలీం అలీ అంతటివాడు వాదించాడు. చివరికి 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. ఆ ఇంగ్లీషు పేరు ఒక అక్షరం తప్పు పడితే తిట్టవుతుందని భయపడ్డారని ఒక కథ చెప్తారు. నిజమో కాదో గాని, మన దర్బార్లలో ఆ తిట్టు విన్నవాళ్లం కాబట్టి ఆ భయం నాకు అర్థమవుతుంది.

ఈ పిట్ట మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతో ఎగిరే పక్షులు లోకంలో బహు తక్కువ. గూడు కట్టదు. నేల మీదనే, సాధారణంగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దాదాపు నెల రోజులు ఆడది దాని మీద కూర్చుంటుంది. ఆ నెలలో ఒక కుక్క వచ్చినా, ఒక గొర్రెలమంద తొక్కినా ఆ ఏటికి దాని సంసారం అయిపోయినట్టే. ఒకప్పుడు పంజాబ్ నుంచి తమిళనాడు దాకా ఉన్న ఈ జాతిని 2011లో అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి మార్చారు. 2018 ప్రాంతపు లెక్కల్లో దేశం మొత్తం మీద సుమారు 150. మన ఒక బ్యాటరీలో ఫాలిన్‌కి నిలబడే మనుషులు అంతకన్నా కాస్త అటూ ఇటూ. అందులో ఎక్కువ భాగం జైసల్మేర్ జిల్లాలోనే. కొన్ని డెజర్ట్ నేషనల్ పార్కులో, కొన్ని మన పోఖ్రాన్ రేంజిలో, దాని చుట్టుపక్కల.

ఇక చట్టం సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 సెప్టెంబరులో వచ్చింది. అప్పట్లో వన్యప్రాణులు రాష్ట్రాల జాబితాలోని విషయం. పార్లమెంటు తనంతట తాను చట్టం చేయడానికి వీల్లేదు. కనీసం రెండు రాష్ట్రాల శాసనసభలు "మా తరఫున మీరే చేయండి" అని తీర్మానం చేసి పంపాలి. అలా పదకొండు రాష్ట్రాలు పంపాయి. ఆ చట్టం మొదటి పేజీలో అప్పట్లో ఆ పేర్లు వరసగా ఉండేవి. అక్షర క్రమంలో రాశారు కాబట్టి మొట్టమొదటి పేరు ఆంధ్రప్రదేశ్. రాజస్థాన్ కూడా అందులో ఉంది. అంటే నా పుట్టిన ఊరూ, నేను గుండ్లు కురిపించిన ఊరూ రెండూ ఆ పిట్టకు ఒకేసారి మాట ఇచ్చాయి. తర్వాత 1976లో రాజ్యాంగ సవరణతో ఈ విషయం ఉమ్మడి జాబితాలోకి వచ్చింది.

చట్టంలో షెడ్యూళ్లు ఉంటాయి. మొదటి షెడ్యూల్ అంటే పులి, ఏనుగు వరస. బట్టమేక పిట్ట మొదటినుంచీ అందులోనే ఉంది. కృష్ణజింక, చింకారా కూడా అందులోనే ఉన్నాయి. మొదట్లో కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడనిచ్చేవారు, 1991 సవరణతో ఆ లైసెన్సులూ పోయాయి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, చట్టం దృష్టిలో వేట అంటే కాల్చడం ఒక్కటే కాదు. వల పన్నినా, తరిమినా, పక్షి గుడ్డు పగలగొట్టినా, గూడు కదిపినా అది వేటే. చచ్చిన జంతువు మాంసం కూడా ప్రభుత్వ ఆస్తి. ప్రాణం మీదికి వస్తే ఆత్మరక్షణకి చంపడం నేరం కాదు, కానీ చచ్చినదాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రం వీల్లేదు.

నాకు ఇదంతా కంఠతా రావడానికి ఒక కారణం ఉంది. అది చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను. మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు అనుకోవడం కాదు. మొదటే చెప్పి ఉండాల్సింది.

1993 శీతకాలం. మళ్లీ పోఖ్రాన్. అప్పటికి నేను హవల్దార్ని. రాత్రి పది దాటాక ఒక వన్‌టన్ బండి నీళ్ల పాయింటు నుంచి తిరిగి వచ్చింది. అందులో ఉన్న ఇద్దరు కుర్రవాళ్లలో ఒకడు మన తెలుగువాడు, మా జిల్లావాడే. అందరి ముందూ "ఉస్తాద్" అనేవాడు, ఇద్దరమే ఉంటే "అన్నా" అనేవాడు. వాడు నా టెంటు దగ్గరికి వచ్చి "అన్నా, జింక" అన్నాడు. హెడ్‌లైటు వెలుగులో కళ్లు చెదిరి నిలబడిపోయిన చింకారాను బండితో వెంటాడి కొట్టారు. మన గుండు ఒక్కటి కూడా ఖర్చు కాలేదు, ఆ లెక్క వాళ్లకు బాగా తెలుసు. రౌండు తగ్గితే అడిగేవాళ్లుంటారు, జింక తగ్గితే అడిగేవాడెవడు?

నేను ఏం చేయాలో నాకు తెలుసు. బీహెచ్‌ఎంకి చెప్పాలి, ఆయన ఆఫీసర్‌కి చెప్పాలి. నేను ఏం చేశానంటే, "లంగర్ వెనక్కి తీసుకుపోండి, చప్పుడు చేయకండి" అన్నాను. ఆ చలిలో, మూడు వారాలుగా అవే పప్పు రొట్టెలు తిన్న నోళ్లు. మిరపకారం మన తెలుగు కుర్రాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటుంది. నాకు ఒక మగ్గులో తెచ్చిపెట్టారు. తిన్నాను. బాగుందని కూడా అన్నాను. తోలు, తల, గిట్టలు గొయ్యి తీసి పూడ్చారు. ఆ గొయ్యి చోటు చూపించింది నేనే.

తెల్లవారాక గేటు దగ్గరికి నలుగురు వచ్చారు. దగ్గరి బిష్ణోయి పల్లెవాళ్లు. బిష్ణోయిల సంగతి ఆ పక్క పనిచేసినవాళ్లకు తెలుసు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో చెట్లు కొట్టనివ్వకుండా వాటిని కౌగిలించుకుని 363 మంది ప్రాణాలిచ్చారని చెప్తారు. జింక అంటే వాళ్లకు ఇంట్లో బిడ్డ లెక్క. తల్లి చచ్చిన జింకపిల్లకు ఆడవాళ్లు తమ పాలిచ్చి పెంచిన ఇళ్లున్నాయి. ఆ నలుగురిలో పెద్దాయన తెల్ల పాగా, చేతిలో కర్ర. ఇసుకలో చక్రాల గుర్తులు పట్టుకుని వచ్చాడట. గొడవ చేయలేదు. ఆఫీసర్ రేంజి లోపల ఉన్నారు. నన్ను మాట్లాడమన్నారు.

ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. "ఆ బండి మీదా, కాదా?"

"మాది కాదు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి తనవాళ్లతో అన్నాడు. "ఫౌజీ కాదన్నాడు. అయితే కాదు. పదండి."

ఆయన నన్ను తిట్టినా, పోలీసు రిపోర్టు ఇచ్చినా ఈపాటికి మరచిపోయేవాణ్నేమో. కాదన్నాడు కాబట్టి కాదు అని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆఫీసర్ వచ్చి "ఏమిటి విషయం" అంటే, "ఏదో జింక కోసం వచ్చారు సాబ్, మనవాళ్లు కాదని చెప్పాను" అన్నాను. ఆయన నమ్మారు. నన్ను నమ్మకపోవడానికి ఆయనకు కారణం లేదు కదా.

ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటి చట్టం ప్రకారం మొదటి షెడ్యూల్ జంతువును చంపితే కనీసం ఏడాది, గరిష్ఠంగా ఆరేళ్ల జైలు, ఐదు వేలకు తక్కువ కాని జరిమానా. తర్వాతి సవరణతో అది మూడు నుంచి ఏడేళ్లయింది. జరిమానా కనీసం పదివేలు, 2022 సవరణతో పాతికవేలు. ఫౌజీ కాబట్టి చట్టం వర్తించదు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆర్మీ యాక్టు 69వ సెక్షన్ చూడండి. మామూలు పౌరుడికి నేరమైనది మనకూ నేరమే. కేసు క్రిమినల్ కోర్టుకు వెళ్లాలా, కోర్ట్ మార్షల్‌కు వెళ్లాలా అన్నది ఒక్కటే తేడా. ఎటు వెళ్లినా ఆ కుర్రవాడి ఉద్యోగం పోయేది. నాది కూడా పోయేది. అప్పటికి నా పెద్దమ్మాయికి నాలుగేళ్లు. ఈ లెక్క ఆ గేటు దగ్గర ఒక్క క్షణంలో నా బుర్రలో అయిపోయింది. ఇది సంజాయిషీ కాదు, జరిగినది చెప్తున్నాను.

ఈ ప్రసంగానికి ముందు ఆ కుర్రవాడికి ఫోన్ చేశాను. కుర్రవాడు అంటున్నాను గాని వాడూ తాతయ్యాడు. "అన్నా, నా పేరు చెప్పొద్దు. మిగిలిందంతా చెప్పు" అన్నాడు.

అదలా ఉంచి ఇప్పుడు మా ఊరికి వద్దాం. మా ఊరి పక్కనే రోళ్లపాడు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వచ్చి అక్కడే మకాం పెట్టి బట్టమేక పిట్టల మీద అధ్యయనం చేశారు. 1988లో సుమారు ఆరు చదరపు కిలోమీటర్ల బీడును అభయారణ్యంగా ప్రకటించారు. అప్పుడు నేను సెలవులో ఇంటికి వస్తే, పిట్టను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారని మా నాయన నవ్వాడు. 2004లో సుబేదార్‌గా రిటైరై ఇల్లు చేరాక, పోఖ్రాన్‌లో చూసిన పిట్టను మా పిల్లలకు మా ఊళ్లో చూపిద్దామని ఒక తెల్లవారుజామున తీసుకెళ్లాను. మూడు పొద్దులు తిరిగాం. కృష్ణజింకలు మందలు మందలు. పిట్ట లేదు. తర్వాత కొన్నేళ్లు ఒకటో రెండో కనిపించాయని వాచర్లు చెప్పేవారు. ఆ మాట కూడా క్రమంగా ఆగిపోయింది.

ఎవడు చంపాడు? ఎవడూ చంపలేదు. అదే నన్ను ఆశ్చర్యపరిచింది. తుపాకీ పేలలేదు. కాలువ నీళ్లు వచ్చాయి. జొన్న, కొర్ర పోయి పత్తి, పొగాకు, శనగ వచ్చాయి. బీళ్లు చేలయ్యాయి. పురుగుమందు కొట్టారు, ఆ పిట్ట తినేదే మిడతలు, పురుగులు. ఆరు చదరపు కిలోమీటర్ల కంచె లోపల చట్టం భద్రంగానే ఉంది. కానీ పిట్ట ఆ కంచె లోపల గుడ్డు పెట్టి, మేతకు బయటి బీళ్ల మీద తిరిగేది. బయట బీళ్లు లేవు. రైతును అనడానికి లేదు. మా నాయన కూడా కాలువ నీళ్లు వస్తాయంటే కొబ్బరికాయ కొట్టాడు.

మా అన్న వ్యవసాయం చేస్తాడు. ఆయన మాట ఆయన యాసలోనే చెప్తాను. "పిట్టను కాపాడతామని వచ్చిరి. పిట్ట పాయె. జింకలు మిగిలె. మా శనగ చేను పాయె." కంచె లోపల పెరిగిన కృష్ణజింకలు రాత్రికి చేల మీద పడతాయి. అవీ మొదటి షెడ్యూలే, పైగా రాష్ట్ర జంతువు. కర్ర ఎత్తడానికి లేదు. పంట నష్టానికి పరిహారం అడగబోతే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిప్పారు, ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. చట్టం అంటే మా అన్న దృష్టిలో రాత్రి నిద్ర లేకుండా డబ్బా మోగిస్తూ చేను కాయడం. ఆయనతో నేను వాదించి గెలవలేకపోయాను. అడవి జంతువును కాపాడే ఖర్చంతా దాని పక్కన ఉన్న పేదవాడి మీద వేసి, మనం పట్నంలో కూర్చుని చట్టం ఘనంగా ఉందంటే వాడు ఎందుకు ఒప్పుకుంటాడు?

ఇప్పుడు చూడండి వింత. అభయారణ్యం బోర్డు పెట్టిన చోట పిట్ట పోయింది. నేనూ మీరూ గుండ్లు కురిపించిన చోట మిగిలింది. మనం దాన్ని ప్రేమించామని కాదు. రేంజి కాబట్టి లోపల దున్నరు, ఇళ్లు కట్టరు, కరెంటు తీగలు లాగరు. జనం రారు. గుండు ఎప్పుడో ఒకసారి పడుతుంది, నాగలి ప్రతి ఏడూ పడుతుంది. పిట్టకు నాగలే ఎక్కువ ప్రమాదం. ఇంకోమాట. ఎడారిని పచ్చగా చేయాలని మన ఎకో టెరిటోరియల్ బెటాలియన్లు లక్షలాది మొక్కలు నాటాయి, మంచి పని చేశాయి. కానీ ఈ పిట్టకు చెట్టు అక్కర్లేదు. దానికి కావలసింది నాలుగు వైపులా కనిపించే గడ్డినేల. మన కంటికి బంజరు అనిపించేదే దానికి ఇల్లు. రెవెన్యూ రికార్డుల్లో కూడా వాటిని బంజరు అనే రాశారు, అందుకే ఎవరికి కావలిస్తే వాళ్లకు ఇచ్చేశారు.

ఆ బంజరు మీదే ఇప్పుడు సోలార్ పలకలు, గాలిమరలు వచ్చాయి. వాటితోపాటు తీగలు. ఈ పిట్టకు కళ్లు తలకు రెండు పక్కల ఉంటాయి, ఎదురుగా చూపు తక్కువ. ఒళ్లు బరువు. తీగ కనిపించేసరికి తప్పుకోలేదు. జైసల్మేర్ ప్రాంతంలో ఏటా సుమారు 18 బట్టమేక పిట్టలు తీగలకు తగిలి చస్తూ ఉండొచ్చని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అంచనా వేసింది. ఉన్నవే ఆ నూరూ నూటయాభై అయితే, 18 అంటే ఎన్నేళ్లకు సరిపోతుందో లెక్క మీకే వదిలేస్తున్నా.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి. ఎం.కె. రంజిత్‌సింహ్. ఐఏఎస్ అధికారి. 1972 చట్టం ముసాయిదా తయారుచేసింది ఆయనే. తాను రాసిన చట్టంలో వేటగాడికి శిక్ష ఉంది, తీగకు లేదు. ఎనభై ఏళ్లు దాటాక, 2019లో, ఆయనే సుప్రీంకోర్టు గడప ఎక్కి ఈ పిట్టను కాపాడమని కేసు వేశాడు. 2021 ఏప్రిల్‌లో కోర్టు, ఆ ప్రాంతాల్లో తీగలను వీలైనచోట భూమిలోకి దించమంది, మిగతాచోట్ల పక్షులకు కనిపించే బిళ్లలు వేలాడదీయమంది. దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్ల మీద ఆంక్ష. కరెంటు సంస్థలు, ప్రభుత్వం ఇది కుదరదన్నాయి. సోలార్ కరెంటు కూడా భూగోళాన్ని కాపాడేదే కదా అన్నాయి. 2024 మార్చిలో కోర్టు ఆ మొత్తం ఆంక్షను సడలించి నిపుణుల సంఘం వేసింది. 2025 డిసెంబరులో ఆ సంఘం చెప్పిన మేరకు రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లను ముఖ్య ప్రాంతాలుగా ఒప్పుకుంది. తక్కువైందా, సరిపోయిందా అంటే నేను నిపుణుణ్ని కాను. కానీ ఒక ఓపీ మనిషిగా ఒకటి చెప్తాను. తీగ భూమిలోకి దిగేదాకా పిట్ట ఎగరకుండా ఆగదు.

గుడ్లు సేకరించి పొదిగించి పిల్లలను పెంచే కేంద్రాలు సమ్‌లో, రామ్‌దేవ్రాలో పనిచేస్తున్నాయి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల పుట్టింది. రామ్‌దేవ్రా అంటే మన రేంజి పక్కనే. అది చదివిన రోజు మా ఆవిడతో బొబ్బట్లు చేయించుకున్నాను, మధుమేహం సంగతి ఆమె గుర్తుచేసినా సరే.

సర్వీసులో ఉన్నవాళ్లకు ఒక చిన్న మాట. చిన్నదే గాని రేంజిలో అదే పెద్దది. లంగర్ చెత్త. మనం పారేసిన అన్నం, ఎముకలు తిని ఊరకుక్కలు పెరుగుతాయి. యూనిట్ వెళ్లిపోతుంది, కుక్కలు ఉండిపోతాయి. ఆకలేసి గడ్డిలో గుడ్లు వెతుక్కుంటాయి. నేల మీద గుడ్డు పెట్టే పిట్టకు కుక్కను మించిన శత్రువు లేదు. క్యాంపు ఎత్తేటప్పుడు గొయ్యి లోతుగా తీసి పూడ్చండి. దానికి సుప్రీంకోర్టు అక్కర్లేదు, ఒక హవల్దార్ చాలు.

రిటైరైన పెద్దలకు ఇంకోటి. మా రోజుల్లో బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించే జవాను ఒంటి మీద చిరుతతోలు ఉండేది, మెస్సు గోడల మీద తలలు ఉండేవి. మనలో కొందరి ఇళ్లలో కూడా తాతలనాటి కొమ్ములు, తోళ్లు ఉన్నాయి. 2003 ఏప్రిల్‌లో ప్రభుత్వం, ఇలాంటివి ఉంటే 180 రోజుల్లో చెప్పండి అని అవకాశం ఇచ్చింది. చాలామంది చెప్పలేదు. యాజమాన్య పత్రం ఉన్నవాళ్లు కూడా వాటిని అమ్మడానికి వీల్లేదు. వద్దనుకుంటే అటవీశాఖకు అప్పగించే దారి 2022 సవరణలో పెట్టారు. పత్రమే లేనివాళ్లు అటక మీద పెట్టి మరచిపోయామనుకోకండి, వకీలును కలవండి. మనవడి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేదాకా ఆగకండి.

2022లో మా పాత యూనిట్‌వాళ్లం కొందరం జైసల్మేర్‌లో కలిశాం. తిరుగు ప్రయాణంలో మిగతావాళ్లను రామ్‌దేవ్రా గుడి దగ్గర దింపి, నేను ఒక టాక్సీ మాట్లాడుకుని ఆ పల్లెకు వెళ్లాను. పెద్దాయన పోయి పదేళ్లయిందట. ఆయన కొడుకు ఉన్నాడు, అతనికీ మీసాలు నెరిశాయి. ముందు మంచం వాల్చి చాయ్ ఇచ్చాడు, తర్వాతే ఎవరు మీరు అని అడిగాడు. చెప్పాను. ఏ సంవత్సరమో, ఏ గేటో, నేను ఏమన్నానో. చాయ్ చల్లారిపోయింది.

అతను అన్నాడు, "బాపూ ఆ రోజు ఇంటికి వచ్చి, ఫౌజీ కాదన్నాడు అని చెప్పాడు. మేం నవ్వాం. చక్రాల గుర్తులు ఎవరివో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన నవ్వలేదు." కాసేపాగి, "ఎక్కడ పూడ్చారు?" అని అడిగాడు.

ఇద్దరం రేంజి హద్దు దాకా నడిచాం. ఇప్పుడు నేను కూడా బయటివాణ్నే, లోపలికి వెళ్లడానికి నాకు అనుమతి లేదు. ఇవతల నిలబడి చేత్తో చూపించాను. అదిగో, ఆ దిబ్బ పక్కన. మళ్లీ చూస్తే ఆ దిబ్బ అవునో కాదో తెలియలేదు. అక్కడ ఇసుక ఏటికేడాది జరుగుతుంది కదా. అతను అదే వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గడ్డిలో ఏదో కదిలితే, చింకారానా అని ఇద్దరం ఒకేసారి తలెత్తాం. మేక.

జై హింద్.